పొరుగువారి ఆటలు – తెలుగు బాలలు

1955వ సంవత్సరము ఫిబ్రవరి 2వ తేదీన భారత సోవియట్ ప్రభుత్వముల నడుమ భిలాయి ఉక్కు కర్మాగార నిర్మాణమునకు ఒడంబడిక జరిగెను. 1959 ఫిబ్రవరి 4వ తేదీన నాటి రాష్ట్రపతి డాక్టరు రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్టు ఫర్నేసును ప్రారంభించిరి. ఈ రెండు తేదీల నడుమ గడచిన నాలుగు సంవత్సరములలో దుర్గు పరిసరములందలి వరిపొలముల మధ్య ఒక క్రొత్త నగరము వెలసెను. దేశము నలుమూలల నుండి ఇంజనీర్లు, కార్మికులు, గుమాస్తాలు, ఉపాధ్యాయులు వచ్చి చేరిరి. బెంగాలీలు, మలయాళీలు, పంజాబీలు, ఒడియావారు, తమిళులు, మరాఠీలు, తెలుగువారు ఒకే వరుస క్వార్టర్లలో కాపురముండిరి. తెలుగువారికి ఈ నేల మరీ దూరపుది కాదు. 1931లో పూర్తియైన రాయపూరు–విజయనగరము రైలుమార్గము ఉత్తరాంధ్ర జిల్లాలను ఛత్తీస్‌గఢ్ మైదానముతో ముందే కలిపి యుండెను. ఆ ఉక్కునగరములోని భాగమే రిసాలి. అచ్చట కర్మాగారపు సెక్టారు ఒకవైపు, పాత పల్లె ఒకవైపు ఉన్నవి.

కర్మాగార చరిత్ర వ్రాయువారు టన్నులను లెక్కింతురు. ఏటికి పది లక్షల టన్నుల ఉక్కు భిలాయికి మొదట నిర్ణయించిన లక్ష్యము. అయితే ఇట్టి నగరములకు ఈ లెక్కలలో చేరని చరిత్ర మరొకటి కలదు. భిన్న భాషలు, భిన్న ఆచారములు గల కుటుంబములు ప్రక్క ప్రక్కన నివసించునపుడు, వారి పిల్లలు ఒకరి నొకరు ఎట్లు తెలిసికొందురు? పెద్దలకు కార్యాలయమున హిందీ, ఇంగ్లీషు భాషలు కలవు. నాలుగైదేండ్ల పిల్లలకు ఆ రెండును లేవు. వారికి ఉన్నది ఇంటి ముందరి ఖాళీస్థలము మాత్రమే.

ఒక జాతి సంస్కృతిని చేరుటకు ద్వారములు పెక్కు కలవు. భాష ఒక ద్వారము. దానిని తెరచుటకు ఏండ్లు పట్టును. ఆహారము మరియొకటి, అలవాటు లేని నాలుక దానిని వెంటనే అంగీకరింపదు. పండుగలందు మడి ఆచారములు, వావి వరుసలు, ఇంటింటి కట్టుబాట్లు ఉండును. ఆటకు ఇవేవియు అక్కరలేదు. ఆడువారిని ఒక పూట చూచిన పిల్లవానికి నియమము బోధపడును. రెండవ పూటకు వాడును ఆటలోనికి దిగును. ఆట వెంట ఆ జాతి మాటలు, లెక్కలు, ఋతువులు, మర్యాదలు వానికి తెలియకయే వానిలో చేరును.

ఛత్తీస్‌గఢ్ పల్లెలలోని ఆటలను తెలుగు దేశపు ఆటలతో పోల్చి చూచిన ఈ విషయము స్పష్టమగును. అచ్చటి గిల్లీ–దండా కోస్తా జిల్లాలలో బిళ్ళంగోడు, తెలంగాణములో చిర్రగోనె. అచ్చటి పిట్ఠూల్ ఇచ్చటి ఏడుపెంకులాట. బాటీ అనునది గోలీలాట. నేలపై గళ్ళు గీసి ఒంటికాలితో గెంతు బిల్లస్ ఆంధ్ర బాలికల తొక్కుడుబిళ్ళయే. బొంగరమును వారు భౌంరా అందురు. భౌంరా అనగా తుమ్మెద. బొంగరము వేగముగా తిరుగునపుడు వినవచ్చు రొద ఎట్టిదో ఆ పేరే చెప్పుచున్నది. తెలుగు బాలుడు తన బొంగరమునకు మరియొక జాతి పెట్టిన పేరు విని, అందులో తుమ్మెదను గుర్తించిన క్షణమున ఒక క్రొత్త భాష లోని సొగసును తెలిసికొన్నవాడగును. దీనికి పుస్తకముతో పని లేదు.

పూర్తిగా ఒకటి కాని ఆటలు ఇంతకంటె ఎక్కువ నేర్పును. తెలుగు ఇండ్లలో చిన్న పిల్లలను వరుసగా కాళ్ళు చాపి కూర్చుండబెట్టి, ఒక్కొక్క కాలిని తాకుచు పాట పాడుచు కాళ్ళగజ్జె ఆట ఆడింతురు. ఛత్తీస్‌గఢ్ పిల్లలు అటకన్–మటకన్ అను ఆటలో అరచేతులను నేలపై ఆనించి, పాటతో ఒక్కొక్క చేతిని తాకుదురు. ఒకచోట కాళ్ళు, ఒకచోట చేతులు. కాని పాట ముగిసినచోట ఎవరి వంతు వచ్చునో అను ఉత్కంఠ ఒక్కటే. ఈ రెండాటలను ఎరిగిన శిశువునకు ఒక గొప్ప సత్యము చిన్ననాడే అందును: పొరుగువారు తనవంటివారే, కాని వారు అచ్చముగా తనవలె ఉండనక్కరలేదు.

ఆటలు ఎల్లలు దాటుటకు చరిత్రలో ఒక విచిత్రమైన సాక్ష్యము కలదు. భిలాయికి పడమటి దిక్కున, నాగపురము దాటిన మహారాష్ట్రమున, గిల్లీ–దండాను విటీ–దాండూ అందురు. మరాఠీలో ఒకటి, రెండు, మూడు, నాలుగు అనుటకు ఏక్, దోన్, తీన్, చార్ అను మాటలు ఉన్నవి. కాని విటీ–దాండూ ఆడు బాలుడు ఆ మాటలతో లెక్కింపడు. వకట, లేండ, మూండ, నాల అని మొదలుపెట్టును. ప్రాంతమును బట్టి ఉచ్చారణ కొంత మారవచ్చును. అవి మరాఠీ మాటలు కావని, ద్రావిడ సంఖ్యావాచకములని వినినంతనే తెలియును. ఒకటి, రెండు, మూడు, నాలుగు అను తెలుగు లెక్కకు అవి ఎంత దగ్గరివో తెలుగువారికి వేరుగా చెప్పనక్కరలేదు. ఏ కాలమున ఏ పిల్లలు ఏ పిల్లల యొద్ద నేర్చుకొనిరో చెప్పు శాసనము లేదు. రాజ్యములు మారినవి, సరిహద్దులు మారినవి. ఆ లెక్క మాత్రము నిలిచినది. అర్థము తెలియకయే తరతరముల బాలురు పొరుగు భాషలోని అంకెలను భద్రపరచిరి.

దీనికి ఎదురుగా నిలుపదగిన సాక్ష్యము తెలుగు సాహిత్యముననే కలదు. పాల్కురికి సోమనాథుడు మొదలుకొని పెక్కు కవులు తమ కాలపు పిల్లల ఆటలను కావ్యములలో పేర్కొనిరి. సురవరము ప్రతాపరెడ్డిగారు 1949లో ప్రకటించిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’లో ఆ పేర్లను శ్రమించి ఏర్చి కూర్చిరి. 1955లో తెలుగునకు ప్రథమముగా వచ్చిన కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము ఆ గ్రంథమునకే లభించెను. అందలి పెక్కు ఆటల పేర్లకు నిఘంటువులను తెరచి చూచినచో దొరకు అర్థము ఒక్కటే: ‘బాలక్రీడావిశేషము’. ఆ ఆట ఎందరు ఆడుదురు, దేనితో ఆడుదురు, ఎవరు గెలిచినట్లు అను ప్రశ్నలకు సమాధానము లేదు. పేరు మిగిలినది, ఆట పోయినది. ఆడినచోట పొరుగు భాష మాట కూడ బ్రతికినది. ఆడుట మానినచోట స్వంత భాష మాట కూడ నిఘంటువులో నిర్జీవమైనది. ఆటలను గూర్చిన చర్చలో ఈ రెండు సాక్ష్యములను ఎన్నడును మరువరాదు.

పూర్వపు ఆటలన్నియు పిల్లలకు నేర్పదగినవే అని అనుటకు వీలులేదు. వినుకొండ వల్లభరాయని పేర వెలసిన ‘క్రీడాభిరామము’ ఓరుగల్లు వీథులలోని వినోదములను కన్నులకు కట్టించును. కోడిపందెములు, పొట్టేళ్ళ పోరులు అందు కలవు. జూదము ఎట్టి కీడు తెచ్చునో భారతము చదివిన జాతికి చెప్పనక్కరలేదు. అంతియే కాదు, గ్రామములలో ఎవరు ఎవరితో ఆడవచ్చునను విషయమున కులము, లింగభేదము అడ్డుగోడలు కట్టినవి. కావున పాతదగుటచే ఒక ఆటను స్వీకరింపరాదు. పిల్లలందరిని ఒక్కచోట చేర్చునదా కాదా అని చూచి స్వీకరింపవలెను. ఉక్కునగరపు మైదానములు ఈ విషయమున పల్లె వీథికంటె అనుకూలమైనవి. అచ్చట ప్రక్క ఇంటివారు ఎవరన్నది నిర్ణయించునది క్వార్టరు కేటాయింపు గాని కులము కాదు.

ఒకే ఆటకు పలు ప్రాంతములు తమ తమ ముద్ర వేయుటకు చెడుగుడు చక్కని ఉదాహరణము. ఆంధ్రమున చెడుగుడు, మహారాష్ట్రమున హుతుతు, బెంగాలున హా–డూ–డూ, ఉత్తరమున కబడ్డీ. ఊపిరి బిగబట్టి కూత పెట్టుచు ఎదుటి జట్టులోనికి చొచ్చిపోవుట అంతటను కలదు. ఆ కూతలోని శబ్దమే ప్రాంతమునకొక తీరు. 1950లో అఖిల భారత సమాఖ్య ఏర్పడి నియమములను ఏకము చేసెను. 1990లో బీజింగు ఆసియా క్రీడలలో కబడ్డీ పతకపు పోటీగా చేరెను. ఏకరూపము వలన ఆటకు ప్రపంచ ఖ్యాతి దక్కినది, నిజమే. కాని ప్రాంతీయమైన కూతలు పెద్ద మైదానముల నుండి తొలగిపోయినవి. ఖో–ఖో ఆటకు పూనాలోని దక్కన్ జింఖానావారు 1914 ప్రాంతమున నియమములు ఏర్పరచిరి. 2025 జనవరిలో ఢిల్లీయందు దాని తొలి ప్రపంచ కప్పు పోటీలు జరిగినవి. పోటీలకు ఏకనియమము ఉండవలసినదే. చిన్న పిల్లల విషయమున మాత్రము ఆ భేదములే పాఠము. రిసాలిలో బెంగాలీ బాలుని కూతను తెలుగు బాలుడును, తెలుగు బాలుని కూతను బెంగాలీ బాలుడును ఒక సాయంకాలము మార్చుకొన్నచో ఇరువురకును లాభమే గాని నష్టము లేదు.

భిలాయి చరిత్రలో సోవియట్ నిపుణుల పాత్ర అందరెరిగినదే. 1972లో ఏర్పడిన మైత్రీ బాగ్ పేరే ఆ స్నేహమునకు గుర్తు. ఆటల చరిత్రలో ఆ స్నేహము మిక్కిలి ప్రాచీనమైనది. భారతదేశమున పుట్టిన చతురంగము పారశీకమునకు పోయి షత్రంజ్ అయ్యెను; అచ్చటి మాటలను వెంటబెట్టుకొని రష్యాకు చేరి షాఖ్మతీ అయ్యెను. భిలాయి నిర్మాణమగుచున్న దినములలో ఆ క్రీడలో ప్రపంచ విజేతలు సోవియట్ ఆటగాండ్రే. తరువాతి కాలమున గుడివాడలో జన్మించిన కోనేరు హంపి 2019లోను, 2024లోను మహిళల ర్యాపిడ్ చదరంగమున ప్రపంచ విజేతయైనది. రష్యా బాలురకు చీజిక్ అను ఆట కలదు. రెండు కొనలు చెక్కిన చిన్న కొయ్యముక్కను కర్రతో కొట్టి ఎగురవేయుటయే ఆ ఆట. ఇదియు బిళ్ళంగోడునకు తోబుట్టువే. ఇటలీలో దీనిని లిప్పా అందురు. ఇట్లే తెలుగు ముత్తైదువల వామనగుంటలకు మలయా దేశమున చొంగ్‌కాక్, పశ్చిమాఫ్రికాలో ఒవారే దగ్గరి చుట్టములు. గుంటల సంఖ్య, గింజల లెక్క మారును. గుంటలో గింజలు తీసి ముందరి గుంటలలో ఒక్కొక్కటిగా విడుచుట మారదు. చింతగింజలతో అమ్మమ్మ నేర్పిన ఆట సముద్రముల ఆవల కూడ కలదని తెలిసిన బాలికకు భూగోళము బడిగోడపై వ్రేలాడు పటము మాత్రమే కాదు.

ఆటలకు పంచాంగముతో గల సంబంధము విశేషముగ గమనింపదగినది. ఛత్తీస్‌గఢ్ రైతులకు సంవత్సరపు తొలి పండుగ హరేలీ. ఆ దినమున నాగలి, గడ్డపార మొదలగు పనిముట్లను కడిగి పూజింతురు. అదే దినమున పిల్లలకు గేడీలు కట్టి ఇత్తురు. రెండు వెదురు కర్రలకు కొంత ఎత్తున పాదములు ఉంచుటకు అడ్డముక్కలు బిగించిన కొయ్యకాళ్ళే గేడీలు. వర్షకాలపు బురదలో కాలు పెట్టకుండ నడచుటకు అవి ఉపకరించును. కట్లు కిఱ్ఱుమని మ్రోగుచుండుట పిల్లలకు వేడుక. బస్తరులోని మురియా యువకులు గేడీలపై నృత్యము కూడ చేయుదురు. హరేలీని అచ్చట శ్రావణ అమావాస్య అందురు. తెలుగు పంచాంగము చూచినచో అది ఆషాఢ బహుళ అమావాస్య! ఉత్తరాదివారికి పూర్ణిమతో మాసము ముగియును. తెలుగువారికి అమావాస్యతో ముగియును. అందుచేత దినము ఒక్కటే యైనను మాసము పేరు వేరగును. ఎద్దులను పూజించు పోలా పండుగ అచ్చట భాద్రపద అమావాస్య. తెలుగువారికి అది శ్రావణ బహుళమున వచ్చు పోలాల అమావాస్య. గేడీ ఎందుకు కట్టితిరని అడిగిన తెలుగు బాలునకు రెండు పంచాంగముల సంగతి చెప్పవలసి వచ్చును. ఆకాశమున చంద్రుడు ఒక్కడే. లెక్కించు తీరులు రెండు. సంస్కృతుల భేదమును శిశువునకు వివరించుటకు ఇంతకంటె సులభమైన దృష్టాంతము దొరకుట కష్టము.

పోలా నాడు మట్టితో చేసిన ఎద్దుబొమ్మలతో బాలురును, మట్టి పొయ్యి, తిరుగలి, చిన్న చిన్న పాత్రలతో బాలికలును ఆడుదురు. ఏటికొప్పాక లక్కపిడతలను ఎరిగిన తెలుగు బాలికకు ఆ బొమ్మలు కొత్తవి కావు. ఇచ్చట లక్కపూసిన కొయ్య, అచ్చట కాల్చిన మన్ను. ఇట్లే దీపావళి ప్రాంతమున ఛత్తీస్‌గఢ్ స్త్రీలు బుట్టలో మట్టిచిలుకను నడుమ నుంచి, చుట్టును చేరి చప్పట్లు చరచుచు సువా నాట్యము చేయుదురు. తెలంగాణ స్త్రీలు పూల బతుకమ్మను నడుమ నుంచి, వలయముగా తిరుగుచు చప్పట్లతో ఆడుదురు. చిలుకకును పూవునకును గల భేదము రెండు నేలల భేదము. వలయము మాత్రము ఒక్కటే. తల్లులు ఈ రెండింటిని పిల్లలకు ఒక్కచోట చూపగలిగినచో ఉపన్యాసములతో పని ఉండదు.

విద్యావేత్తలు ఈ సత్యమును ఏనాడో గుర్తించిరి. గుజరాతులో గిజూభాయి బధేకా 1920లో భావనగరమున దక్షిణామూర్తి బాలమందిరమును నెలకొల్పి, ఆటలకు, కథలకు, పాటలకు చదువులో ప్రధాన స్థానమిచ్చిరి. తెలుగునాట న్యాయపతి రాఘవరావుగారు రేడియో అన్నయ్యగా పిల్లలకు ఆప్తులై, 1945లో ‘బాల’ పత్రికను వెలయించిరి. 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 31వ అధికరణము బాలలకు ఆట హక్కును అంగీకరించెను. భారతదేశము 1992లో అందులో చేరెను. 2022 అక్టోబరులో వెలువడిన ప్రాథమిక దశ జాతీయ పాఠ్యప్రణాళిక మూడేండ్ల నుండి ఎనిమిదేండ్ల వరకు గల పిల్లలకు ఆటయే బోధనకు ఆధారముగా ఉండవలెనని చెప్పినది. ఆ మార్గముననే 2023 ఫిబ్రవరిలో ‘జాదూయీ పిటారా’ అను ఆటవస్తువుల పెట్టె వెలువడెను. ఇవన్నియు మెచ్చదగినవే. కాని పెట్టెలో వచ్చు బొమ్మకును, పొరుగింటి పిల్లవాడు తన చేతితో ఇచ్చు బొంగరమునకును భేదము కలదు. రెండవదానితోపాటు ఒక స్నేహితుడు వచ్చును.

ఛత్తీస్‌గఢ్ 2000 నవంబరు 1న ప్రత్యేక రాష్ట్రమయ్యెను. ఆ రాష్ట్ర ప్రభుత్వము 2022 అక్టోబరు 6న ‘ఛత్తీస్‌గఢియా ఒలింపిక్స్’ పేర గ్రామ క్రీడల పోటీలను ఆరంభించెను. గిల్లీ–దండా, పిట్ఠూల్, లంగ్డీ పరుగు, బాటీ, బిల్లస్, ఫుగ్డీ, గేడీ పరుగు, భౌంరా మొదలగు 14 క్రీడలు అందు చేర్చబడినవి. పదునెనిమిదేండ్ల లోపువారు, నలువదేండ్ల వరకు గలవారు, ఆపై వయసువారు అని మూడు తరగతులు చేసిరి. దీనివలన అవ్వయు మనుమరాలును ఒకే మైదానమునకు వచ్చిరి. 2023లో రెండవ పర్యాయపు పోటీలు హరేలీ నాడే ఆరంభమయ్యెను. చిన్నచూపు చూడబడిన వీథి ఆటకు ఒక రాష్ట్రము గౌరవస్థానమిచ్చుట చిన్న విషయము కాదు. పరస్థలమున నివసించు తెలుగువారు దీని నుండి గ్రహింపవలసినది కలదు.

రిసాలి వంటి చోట్ల తెలుగు కుటుంబముల స్థితి ఆలోచింపదగినది. మొదటి తరమువారు ఊరి ఆటలను వెంట తెచ్చుకొనిరి. రెండవ తరమువారు వానిని హిందీ మాటలతో కలిపి ఆడుకొనిరి. మూడవ తరపు పిల్లల చేతికి ఫోను వచ్చినది. కర్మాగారమున ఉద్యోగుల సంఖ్య పూర్వముకంటె బాగుగా తగ్గినది. ఉద్యోగ విరమణ చేసినవారు కొందరు ఇచ్చటనే స్థిరపడిరి, కొందరు స్వస్థలములకు మరలిరి. ఇట్టి తరుణమున ఇంటిలో తెలుగు నిలుచుట ఎట్లు అను చింత పెద్దలను బాధించుచున్నది. అక్షరములు నేర్పుటకు పుస్తకములు తెప్పింతురు. పద్యములు కంఠస్థము చేయింతురు. అది మంచిదే. కాని అచ్చనగాయలు, అష్టాచెమ్మ, ఒప్పులకుప్ప, వీరీ వీరీ గుమ్మడిపండు, దాగుడుమూతలు అను ఆటలలో ఎంత తెలుగు దాగియున్నదో గమనించువారు తక్కువ. ఈ ఆటలు పోయినచో ఆ తెలుగు కూడ ‘బాలక్రీడావిశేషము’గానే మిగులును.

ఇందు రెండు నష్టములు కలవు. తెలుగు బాలునకు తన ఆట రానిచో పొరుగువానికి ఇచ్చుటకు వానివద్ద ఏమియు ఉండదు. పొరుగువారి ఆట తెలియనిచో తాను పుట్టి పెరిగిన నేలయే వానికి పరాయిదిగా ఉండిపోవును. ఉక్కునగరము వెలయుటకు ముందే ఈ నేలపై పల్లెలు ఉన్నవి. గేడీలు, భౌంరాలు ఉన్నవి. అరువదేండ్లకు పైగా ఆ నేల అన్నము తినినవారి పిల్లలు అచ్చటి ఆటల పేర్లు ఎరుగకుండుట మర్యాద కాదు. ఇచ్చుట, పుచ్చుకొనుట రెండును కలిసి సాగినపుడే పరిచయము స్నేహమగును.

ఈ పనికి పెద్ద ధనము అక్కరలేదు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడినది 1956 నవంబరు 1న. ఛత్తీస్‌గఢ్ ఏర్పడినది కూడ నవంబరు 1ననే. ఆ దినమున తెలుగు సంఘములు వేదికపై ఉపన్యాసములకు తోడు మైదానమున ఒక పూట ఆటలకు కేటాయింపవచ్చును. తెలుగు పిల్లలు ఏడుపెంకులాటను తెలుగు మాటలతో నేర్పవలెను. ఛత్తీస్‌గఢ్ పిల్లలు గేడీని తమ మాటలతో నేర్పవలెను. బెంగాలీ, మలయాళీ, ఒడియా పిల్లలు తమ తమ ఆటలను తేవలెను. లెక్క మాత్రము ఆట ఎవరిదో వారి భాషలోనే జరుగవలెను. న్యాయనిర్ణేతలుగా తాతలను, అమ్మమ్మలను కూర్చుండబెట్టవలెను. ఆ సందర్భమున ప్రతి ఆట నియమములను ఒక నోటుపుస్తకములో వ్రాసియుంచినచో రాబోవు నిఘంటుకారులకు కూడ మేలు చేసినవారగుదురు. కొన్నేండ్లు ఇట్లు జరిగినచో ఏ బెంగాలీ బాలుడో ‘ఒకటి, రెండు, మూడు’ అని లెక్కపెట్టుచు పెంకులు పేర్చును. ఏ తెలుగు బాలికయో గేడీపై నిలిచి ఛత్తీస్‌గఢీలో కేకవేయును.